పింఛన్ ఇచ్చి ఇంట్లో కూర్చోమంటే సరిపోదు

జై ఆదివాసీ. పోస్టు కొంచెం పొడుగు. ఓపిక పట్టి చివరిదాకా చదవండి, చదివాకే తిట్టండి.

మేము డిగ్రీ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. మాలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే. ఐటీడీఏకి ఇవ్వాల్సిన వినతిపత్రం గురించి ఈ మధ్య గ్రూపులో చర్చ నడిచింది కదా. అందులో తీవ్ర వైకల్యం ఉన్న మన వాళ్ళ చదువు, పని గురించి ఒక పాయింట్ చేర్చాలని అడిగితే ఒక అన్న ఇలా రాశాడు: "ముందు కాళ్ళూ చేతులూ బాగున్నోళ్ళకి ఉద్యోగాలు రానివ్వండి. వాళ్ళకి పింఛన్ వస్తాంది కదా, ఇంకేం కావాలి?" దానికి చాలా లైకులు కూడా పడ్డాయి. ఆ అన్న మీద మాకు కోపం లేదు. ఆ మాట మీద మాత్రం ఉంది. ఎందుకంటే అది ఒక్క అన్న మాట కాదు, మన ఊళ్ళల్లో, ఆఫీసుల్లో అందరూ అనే మాటే. దానికే ఈ జవాబు.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. ఒక కాలు కొంచెం లాగి నడిచే తమ్ముడు కష్టమైనా బడికి వెళ్తాడు, పదో తరగతి పాసవుతాడు, వికలాంగుల కోటాలో అప్లై చేస్తాడు. మేము అడిగేది అతని వెనక మిగిలిపోయిన వాళ్ళ గురించి. బుద్ధి ఎదుగుదల బాగా తక్కువున్న పిల్లలు, సెరిబ్రల్ పాల్సీతో మెడ నిలవని పిల్లలు, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళు, తిండికీ దొడ్డికీ ఇంకో మనిషి సాయం కావాల్సినవాళ్ళు. ఊళ్ళో వీళ్ళకి పేరు ఉండదు. మూగోడు, పిచ్చిది, కుంటోడు అంటారు. సర్కారేమో దివ్యాంగులు అని పెద్ద పేరు పెట్టింది. పేరు మారింది గానీ బడి మెట్ల పక్కన ర్యాంపు మాత్రం రాలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. రోడ్డు లేని మన గూడేల్లో, డోలీ కట్టి గెడ్డ దాటించాల్సిన చోట, సర్టిఫికెట్ కోసం ఒక మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళడం అంటే నలుగురు మగాళ్ళ ఒక రోజు కూలి పోవడమే. క్యాంపుకి వెళ్తే డాక్టర్ రాలేదంటారు, మళ్ళీ రమ్మంటారు. ఇంక మళ్ళీ పోరు. అలా లెక్కలోకే రానివాళ్ళు ఎంతమంది ఉంటారో మీ గూడెం గుర్తు చేసుకుని మీరే చెప్పండి.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను అది గుర్తించింది. 40 శాతం, అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరలోని బడిలో గానీ, వాళ్ళు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువు చెప్పాలని సెక్షన్ 31 చెప్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ పిల్లకి తగ్గ ఏర్పాట్లు చేయాలి అని సెక్షన్ 16 చెప్తుంది. "తీవ్రంగా ఉంటే అక్కర్లేదు" అనే మినహాయింపు ఇందులో ఎక్కడా లేదు.

మరి మన దగ్గర జరిగేది ఏంటి? మాకు తెలిసిన ఒక గూడెంలో ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ కూతుర్ని ఆశ్రమ పాఠశాలకి తీసుకెళ్తే, "తన పని తాను చేసుకోలేని పిల్లని ఎలా ఉంచుకుంటాం అమ్మా, ఇంటి దగ్గరే చదువు చెప్పిస్తాం లే" అని పంపేశారు. మర్యాదగానే చెప్పారు. టీ కూడా ఇచ్చారంట. కానీ పిల్లని తీసుకోలేదు. ఇంటి దగ్గర చదువంటే తర్వాత తెలిసింది, ఎవరో ఎప్పుడో వచ్చి రిజిస్టర్లో వేలిముద్ర వేయించుకుని పోవడం.

ఇంటి వద్ద విద్య అనేది విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చింది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గర చదువుని ఎంచుకునే హక్కు కూడా ఉంటుందని అందులో రాశారు. ఎంచుకునే హక్కు పిల్లది, ఆ తల్లిదండ్రులది. హెడ్మాస్టర్ ఎంచి పంపేది కాదు. హక్కుగా ఇచ్చినదాన్ని గేటు మూయడానికి వాడుకుంటున్నారు. ఈ ఒక్క తేడా మన తల్లులకి తెలిస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

ఆశ్రమ పాఠశాల టీచర్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళు అడిగేది ఒకటే: "ఆ పిల్లని దొడ్డికి ఎవరు తీసుకెళ్తారు? స్నానం ఎవరు చేయిస్తారు?" నిజమే, అది టీచర్ పని కాదు. దానికి ఒక ఆయా కావాలి. ఒక్క ఆయా పోస్టు లేకపోవడం వల్ల ఒక పిల్ల జీవితం మొత్తం చదువు బయట ఉండిపోతుందంటే, లోపం పిల్ల శరీరంలో ఉందా, పోస్టులు మంజూరు చేసే ఫైల్లో ఉందా? ఎక్కువ సాయం అవసరమైన వాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే బోర్డు పరిశీలించి తగిన సాయం ఏర్పాటు చేయాలని అదే చట్టంలో సెక్షన్ 38 ఉంది. మన ఏజెన్సీలో ఆ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. మాకైతే ఒక్కరు కూడా తగల్లేదు.

సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో ప్రత్యేక టీచర్ల సంగతి కూడా తేల్చింది. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక టీచర్, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒక టీచర్ ఉండాలని చెప్పింది. మనకేమో మండల కేంద్రంలో ఒక భవిత కేంద్రం ఉంటుంది. అక్కడికి పోవడానికి మన గూడెం నుంచి బస్సు ఉండదు. రెండు వాగులు దాటి, ఆటో ఎక్కి, నడవలేని పిల్లని ఎత్తుకుని వెళ్ళమంటే ఏ తల్లి ఎన్ని రోజులు వెళ్తుంది? పోడు పని మానుకుంటే తిండెవరు పెడతారు?

"అయినా ఆ పిల్ల ఏం చదువుతాది?" అని అడుగుతారు. ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. "కొండోళ్ళకి చదువెందుకు, అడవిలో తిరిగేటోళ్ళకి పుస్తకాలెందుకు" అని మన తాతల్ని అడిగారు. ఇప్పటికీ క్లాసులో మన తెలుగు యాస విని నవ్వేవాళ్ళున్నారు. ఆ ప్రశ్న మన మీద వేస్తే తప్పు, మనం మన పిల్లల మీద వేస్తే ఒప్పా?

వాళ్ళ చదువంటే లెక్కల టేబుళ్ళు బట్టీ పట్టించడం ఒక్కటే కాదు. ఆకలేస్తే ఏడవకుండా బొమ్మ చూపించి అడగడం ఒక చదువు. గిన్నె పట్టుకుని తనంతట తాను తినడం ఒక చదువు. దొడ్డికి వెళ్ళాలని ముందే చెప్పడం ఒక చదువు. ఆడపిల్లకైతే, ఎవరైనా తప్పుగా ముట్టుకుంటే వద్దని గట్టిగా అరవడం అన్నిటికన్నా పెద్ద చదువు. పది రూపాయల నోటుకీ వంద నోటుకీ తేడా తెలిస్తే సంతలో మోసపోడు. ఇవన్నీ నేర్పే పద్ధతులున్నాయి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాద్‌లోనే పెట్టారు, ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. నలభై ఏళ్ళుగా విద్య అక్కడ ఉంది. ఘాట్ రోడ్డెక్కి మా గూడేల దాకా మాత్రం రాలేదు.

ఇక పని సంగతి. అసలు గొడవంతా దీని దగ్గరే.

1970ల్లో అమెరికాలో మార్క్ గోల్డ్ అని ఒకాయన ఉండేవాడు. వీళ్ళు ఏ పనికీ పనికిరారని పక్కన పెట్టిన బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకి సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. పదిహేను విడిభాగాలుండే బ్రేకు అది. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాడు. ఎక్కువ మాటలు చెప్పకుండా చేయి పట్టి చూపించాడు. ఒక పద్ధతిలో రాకపోతే ఇంకో పద్ధతి పట్టాడు. దాదాపు అందరూ నేర్చుకున్నారు. ఆయన చెప్పింది ఏంటంటే, నేర్చుకోలేకపోతే అది నేర్పేవాడి లోపం అనుకుని మొదలుపెట్టు అని. తర్వాత అక్కడి చట్టంలోకే సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అనే మాట వచ్చింది. తెలుగులో తోడుతో ఉద్యోగం అనుకోవచ్చు.

దాని లెక్క ఇలా ఉంటుంది. పాత పద్ధతిలో ముందు ట్రైనింగ్, తర్వాత ఉద్యోగం. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళు ఆ ట్రైనింగ్ ఎప్పటికీ దాటరు. కొవ్వొత్తులు, కాగితం కవర్లు చేస్తూ పదేళ్ళు ట్రైనింగ్‌లోనే ఉంటారు, జీతం ఉండదు. కొత్త పద్ధతిలో ముందు నిజమైన పనిచోట చేరుస్తారు, అక్కడే నేర్పుతారు. పక్కన ఒక జాబ్ కోచ్ ఉంటాడు. మొదట్లో రోజంతా, తర్వాత వారానికి రెండు రోజులు, ఆ తర్వాత అవసరమైనప్పుడు. తోడు తగ్గుతూ పోతుంది గానీ పూర్తిగా వదిలేయరు. జీతం మాత్రం నిజమైన జీతమే.

ఇదేదో విదేశీ సరుకు అనుకోకండి. మనం ఉంటున్న హాస్టల్ ఏంటి మరి? ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేరు, ఊళ్ళో కాలేజీ లేదు కాబట్టి సర్కారు మనకిచ్చిన తోడు అది. హాస్టల్, స్కాలర్‌షిప్, రిజర్వేషన్ ఇవేవీ దానం కాదని రోజూ వాదిస్తాం. తోడిస్తే మనం చేయగలం అని నిరూపించి చూపించిన తరం మనది. అదే తోడు ఇంకొంచెం ఎక్కువ అవసరమైన తమ్ముడికి ఇవ్వమంటే అది దానం ఎలా అవుద్ది?

మన దగ్గర పనులు లేవా? గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. చింతపండు, తేనె, కొండచీపుర్లు, అడ్డాకులు మన దగ్గర కొంటుంది. 2018లో మొదలైన వన్‌ధన్ కేంద్రాల్లో ఒక్కోదానికి 15 సంఘాలు, సుమారు 300 మంది సభ్యులు ఉండాలని పెట్టారు. అడ్డాకు విస్తరి తీసుకోండి. ఆకు ఎండబెట్టడం, పెద్దా చిన్నా ఏరడం, పుల్లలతో కుట్టడం, మిషన్ మీద ఒత్తడం, లెక్కపెట్టి కట్టలు కట్టడం. ఇది ఒక పని కాదు, అయిదు పనులు. కుట్టడం రానివాడు ఏరగలడు. కొలత చూసి పోల్చలేకపోతే ఒక చెక్క చట్రం ఇవ్వండి, అందులో పట్టినది చిన్నది, పట్టనిది పెద్దది. లెక్క రానివాడికి 25 గళ్ళున్న పలక ఇవ్వండి, గడికి ఒక విస్తరి, అన్నీ నిండితే ఒక కట్ట. అక్కడ లెక్క మనిషి బుర్రలో ఉండక్కర్లేదు, పలకలో ఉంటుంది. చింతపండు గింజ తీయడం, కాఫీ గింజల్లో పాడైనవి ఏరడం, మన హాస్టళ్ళల్లో బియ్యం ఏరడం, పళ్ళేలు సర్దడం కూడా ఇలా విడగొట్టొచ్చు. లేవలేని మనిషి కూడా చేయి కదిలితే స్విచ్ నొక్కి మిషన్ నడపగలడు.

నిజానికి మన ఊళ్ళల్లో వీళ్ళు ఇప్పటికే పని చేస్తున్నారు. మేకలు కాస్తున్నారు, నీళ్ళు మోస్తున్నారు, పక్కింటి పొలంలో కలుపు తీస్తున్నారు. కూలి మాత్రం లేదు. అన్నం పెట్టి పాత చొక్కా ఇస్తారు. "వాడికి డబ్బులెందుకు, వాడికేం తెలుసు" అంటారు. పని చేయించుకునేటప్పుడు లేని వైకల్యం కూలి ఇచ్చేటప్పుడు ఎక్కడి నుంచి వస్తాదో!

ఇక గ్రూపులో వచ్చిన మూడు అభ్యంతరాలకి జవాబు.

ఒకటి, పింఛన్ ఉంది కదా అన్నారు. ఉంది, ఉండాలి. ఆంధ్రలో 2024 నుంచి వికలాంగులకి నెలకి 6,000, పూర్తిగా మంచం పట్టినవాళ్ళకి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 4,016 ఇస్తున్నారు. అది హక్కు, ఎవరి దయా కాదు. కానీ పింఛన్ పొట్టకి సరిపోవచ్చు, మనిషికి సరిపోదు. పొద్దున్న లేచి వెళ్ళడానికి ఒక చోటు, పేరు పెట్టి పిలిచే నలుగురు, సంతలో తన డబ్బుతో కొన్న జిలేబీ, ఇవి పింఛన్‌తో రావు. ఇంకో భయం కూడా ఉంది. 2025లో పింఛన్ల రీవెరిఫికేషన్ జరిగి నోటీసులు వచ్చినప్పటి నుంచి తల్లిదండ్రులు బిడ్డ ఏదైనా పని చేస్తున్నాడని చెప్పడానికే వణుకుతున్నారు. పని చేస్తే పింఛన్ కట్ అవుద్దేమో అని పనికి పంపరు. అందుకే తోడుతో పని చేసేవాళ్ళ పింఛన్ ఆపబోమని రాతపూర్వకంగా ఉత్తర్వు కావాలి.

రెండు, నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది కదా అన్నారు. 2016 చట్టం సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. అందులో ఒక శాతం బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలున్నవాళ్ళది. బాగుంది. కానీ ఆ పోస్టుకి పది పాసవ్వాలి, పరీక్ష రాయాలి. బడి గేటు దగ్గరే ఆగిపోయిన పిల్ల అక్కడిదాకా ఎలా వస్తుంది? నిచ్చెన పైమెట్టు చూపించి కింది మెట్లన్నీ తీసేసినట్టుంది. రిజర్వేషన్ కావాలి, దానితోపాటు పరీక్ష లేకుండా నేరుగా పనిచోట పెట్టి నేర్పే దారి కూడా కావాలి.

మూడు, మనకే ఉద్యోగాల్లేవు అన్నారు. ఈ బాధ మాకూ తెలుసు. ఏజెన్సీ టీచర్ పోస్టులు వంద శాతం మనకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు నుంచి మనం చెప్తున్నది ఏంటి? మన పిల్లల భాష తెలిసినవాళ్ళే మన పిల్లలకి చదువు చెప్పాలని. ఆ వాదన అన్నిటికన్నా బలంగా నిలబడేది ఇక్కడే. కువి మాత్రమే తెలిసిన పిల్లాడిని తెలుగులో ప్రశ్నలడిగి, జవాబు చెప్పలేదని బుద్ధి తక్కువ అని రాస్తే అది పరీక్షేనా? మాటే రాని పిల్ల సైగని, ఆ ఇంటి భాష తెలియని మనిషి ఎలా పడతాడు? ప్రత్యేక టీచర్లు, ఆయాలు, జాబ్ కోచ్‌లు కొండ భాషలు తెలిసిన మన వాళ్ళే ఉండాలి. స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ చేసిన గిరిజన పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఆ సీట్లు, ఆ పోస్టులు అడగండి. ఆ తమ్ముడికి తోడు దొరికితే మనలో ఒకరికి ఉద్యోగం దొరుకుతుంది. ఎవరి కంచంలో కూడూ ఎవరూ లాక్కోవట్లేదు.

కాబట్టి వినతిపత్రంలో ఇవి చేర్చాలని మా హాస్టల్ తరఫున కోరుతున్నాం:

1. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఆయా పోస్టు, వాళ్ళకి తగ్గ మరుగుదొడ్డి, ర్యాంపు. "తన పని తాను చేసుకోలేదు" అనే కారణంతో చేర్చుకోకపోతే ఆ కారణం కాగితం మీద రాసివ్వాలి.

2. ఇంటి వద్ద విద్య తల్లిదండ్రులు అడిగితేనే. టీచర్ ఎన్నిసార్లు వచ్చారో గ్రామసభలో చదివి వినిపించాలి.

3. సర్టిఫికెట్ క్యాంపులు సంత జరిగే ఊళ్ళల్లో, స్థానిక భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టి జరపాలి.

4. వన్‌ధన్ కేంద్రాల్లో, సహకార సంస్థ యూనిట్లలో, హాస్టళ్ళల్లో 18 దాటిన తీవ్ర వికలాంగులకి తోడుతో ఉద్యోగాలు. జాబ్ కోచ్ జీతం ఐటీడీఏ ఇవ్వాలి. ట్రైనింగ్ పేరుతో ఒక్క రోజు కూడా ఉత్తపని వద్దు.

5. పని చేసినంత మాత్రాన పింఛన్ ఆపబోమని ఉత్తర్వు.

6. స్పెషల్ డీఎడ్, బీఎడ్ చదివే గిరిజన విద్యార్థులకి సీట్లు, పూర్తి ఫీజు.

వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగి వచ్చేస్తే ఏదీ కదలదు, అది మనందరికీ తెలుసు. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ మీ గూడెంలో ఒక జాబితా రాయండి. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళు ఎంతమంది, వయసెంత, సర్టిఫికెట్ ఉందా, బడి మెట్టు ఎక్కారా, ఇప్పుడు ఏం పని చేస్తున్నారు, ఏం పని ఇష్టం. ఆఖరి ప్రశ్న వాళ్ళనే అడగండి, వాళ్ళమ్మని కాదు. మాట రాకపోతే చూపించమనండి. పేర్లు, ఫోటోలు గ్రూపులో పెట్టొద్దు, అంకెలు చాలు. స్కూలు పిల్లల్లో ఇలాంటి సర్వే అయిదేళ్ళకోసారి చేయాలని చట్టంలో సెక్షన్ 17 ఉంది, చేశారో లేదో ఎంఈఓని అడగండి. పెసా చట్టం మన గ్రామసభకి బలం ఇచ్చింది, అక్కడ తీర్మానం చేయించండి. ఆ జాబితా, ఆ తీర్మానం రెండూ పట్టుకుని గ్రీవెన్స్ రోజున అందరం కలిసి వెళ్దాం. ఆ ఇళ్ళ తల్లుల్ని ముందు వరసలో కూర్చోబెడదాం. మనకన్నా వాళ్ళే బాగా మాట్లాడతారు.

జల్, జంగల్, జమీన్ మాది అంటాం కదా. ఆ "మాది"లో గడప దాటి బయటికి రాలేని వాళ్ళు కూడా ఉన్నారు.

వ్యతిరేకించేవాళ్ళు కారణం రాయండి, జవాబిస్తాం. ఒప్పుకునేవాళ్ళు లైకు కొట్టి ఊరుకోవద్దు, మీ గూడెం పేరు, జాబితా ఎప్పటికి రాస్తారో కింద రాయండి. మా హాస్టల్ నుంచి పదకొండు గూడేలు మేము తీసుకున్నాం.

జై ఆదివాసీ.